కడిగిన బండిని గాలితో నార్చుట



దసరా పండుగ సమీపించుచున్నది. ఆయుధపూజనాడు కమ్మరి సుత్తి మొదలు లారీవఱకు మనకు బ్రదుకుతెరువైన సాధనములన్నియు స్నానముచేసి, కుంకుమబొట్లు పెట్టించుకొని, బంతిపూలదండలు ధరించి నిలుచును. ఆ పండుగకు రెండుమూడు దినములు ముందుగా మా మండపేటలో బండ్లు కడుగు దుకాణములకడ నిలువ చోటుండదు. మిల్లులకు ధాన్యము తెచ్చు లారీలు, పొలమునుండి బురదతో వచ్చిన ట్రాక్టరులు, ఇంటింటి మోటారుసైకిళ్లు వరుసకట్టి యుండును. బండిని కడుగుటనుగుఱించి నేను చెప్పవలసినది లేదు. అందఱమును కడుగుచునే యున్నాము. కడిగిన పిమ్మట దాని నార్చుటనుగుఱించి మాత్రము నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిని. ముప్పదియేండ్లు బడిలో తెలుగు పాఠములు చెప్పిన వానికి మోటారుబండ్ల తడితో నేమి పనియని మీకు తోపవచ్చును. ఆ పని నాకు తటస్థించిన విధమును ముందుగా మనవిచేసెదను.

మా చిన్ననాట ఎడ్లబండ్లను కాలువరేవులోనికి దింపి కడుగుచుండిరి. చక్రములనంటిన బురదను గడ్డిచుట్టతో రుద్ది, కడవలతో నీరు చల్లి, బండిని గట్టుమీద నెండలో నిలిపినచో కొంతసేపటికి కొయ్య యాఱిపోయెడిది. తడికి వెఱవవలసినవి చక్రపు కమ్మియు, ఇరుసును మాత్రమే. ఇరుసునకు కందెన పెట్టుటతో నా చింతయు తీఱుచుండెను. మోటారుబండి యట్టిది కాదు. అది పైకి నున్నని రేకు. లోపల నంతయు సందులు, గొందులు, తీగెలు, గొలుసులు. పైనున్న తడి మన కంటికి కనబడును. లోపలి తడి కంటబడదు. ఈ భేదమును నేను పుస్తకమువలన గాక దెబ్బతిని నేర్చుకొంటిని.

మూడేండ్ల క్రిందట దసరానాటి యుదయమున నా పాత స్కూటరును కడిగించితిని. కడిగినవారు నీటిధారను గట్టిగా కొట్టి మట్టి యంతయు వదలించిరి. గుడ్డతో తుడిచి అద్దమువలె మెఱయునట్లు చేసిరి. నాకు పరమసంతోషము కలిగెను. ఎనిమిదేండ్ల మనుమని వెనుక కూర్చుండబెట్టుకొని కాలువగట్టు వెంబడి తాపేశ్వరము వైపు బయలుదేఱితిని. పండుగనాడు వానికి కాజాలు కొనిపెట్టుదునని మాట యిచ్చియుంటిని. ఊరు దాటి కొంతదూరము పోవునప్పటికి ఒక లేగదూడ అకస్మాత్తుగా త్రోవ కడ్డము వచ్చెను. బ్రేకు త్రొక్కితిని. బండి ఆగలేదు. మరల త్రొక్కితిని. సబ్బునీటిలో కాలు పెట్టినట్లు జాఱినదే కాని చక్రము పట్టుపడలేదు. దూడను తప్పింపబోయి బండిని గట్టు అంచునకు త్రిప్పితిని. అచ్చట వేసియున్న గడ్డివామే మమ్మాపెను. వాము లేకున్నచో నిండుగా పాఱుచున్న కాలువలో నుందుము. మనుమని మోకాలు గీచుకొనిపోయినది. నాకు మోచేయి వాచినది. దూడ తన దారిని తాను పోయినది.

ఆ సాయంకాలము బండిని మా వీథి చివర నున్న పనివానికడకు నడిపించుకొని పోతిని. అతడు నాయొద్ద చదివినవాడు. జరిగినది విని చక్రముకడ కూర్చుండి, గాలిగొట్టము తెచ్చి, బ్రేకు డ్రమ్ము అంచు చుట్టును గాలి విడిచెను. పొద్దుటనుండి యెండలో నిలిచి, పైన బొట్టు తడియైన లేని యా బండినుండి సన్నని తుంపరలు నేలమీద పడినవి. పిమ్మట స్పార్కు ప్లగ్గు గుంటలోనికిని, మీటల క్రిందికిని, హారను వెనుకకును గాలి పట్టెను. ప్రతిచోటను నీరు బయటకు వచ్చెను. నేను విస్తుపోయి చూచుచుండగా నతడు తన సహజమైన మాటలలో నిట్లనెను:

"మేష్టారూ, గుడ్డెట్టి తుడిస్తే కనపడే నీళ్లు పోతాయండి. మనిషిని పడేసేవి కనపడని నీళ్లండి."

ఈ యొక్క వాక్యమునకు నా ప్రసంగమంతయు వ్యాఖ్యానమని యెంచుడు.

ఎండలో నిలిపినను ఆ నీరేల ఆఱలేదు? నీటికి సన్నని సందులను పట్టుకొనియుండు స్వభావము కలదు. రెండు పలకలను తడిపి యొకదానిపై నొకటి యుంచి విడదీయ జూచినచో నవి యెంత గట్టిగా నంటుకొనునో బడిపిల్లలందఱు నెఱుగుదురు. సందు ఎంత యిఱుకైన నీటిపట్టు అంత బలము. గుడ్డ అచ్చటికి పోజాలదు, ఎండయు పోజాలదు. ఇక నీరు ఆవిరియై పోవలెనన్న దానికి మిక్కిలి వేడి కావలయును. ముప్పది డిగ్రీల వేడిగల కిలో నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు డెబ్బది కిలోకేలరీలు చాలును. ఆ కిలో నీటినే ఆవిరి చేయుటకు సుమారు 580 కిలోకేలరీలు కావలయును. అనగా నెనిమిది రెట్లకు పైమాట. అందువలననే తడి సులభముగా పోదు.

ఇచ్చట గాలి చేయు పనులు రెండున్నవి. మొదటిది నీటిని తఱుముట, రెండవది ఆర్చుట. తూర్పారబట్టునపుడు మన మేమి చేయుదుము? చేటనెత్తి ధాన్యము జాఱవిడిచినచో గాలి తాలును దూరముగా త్రోయును. గట్టిగింజ కాళ్లకడ పడును. గాలి తాలును కాల్చలేదు, కరిగింపలేదు, కేవలము త్రోసినది. గొట్టపుగాలియు నీటిబొట్టు నట్లే త్రోసివేయును. బొట్టు బొట్టుగానే వెడలిపోవును గాన ఆవిరి చేయుటకు కావలసిన వేడితో పనియే లేదు. త్రోయగా మిగిలిన సన్నని చెమ్మను మాత్రము గాలి తన కదలికచేత నార్చును. తడిబట్టచుట్టు చేరిన ఆవిరిని గాలి తొలగించుచుండుటచేతనే బట్ట ఆఱును. గాలిలేని యుక్కపోతనాడు దండెముమీది బట్ట సాయంకాలమువఱకు ఆఱకుండుట మన యిండ్లలో నెఱిగినదే.

గోదావరి డెల్టాలో నీ రెండు పనుల భేదమును ముఖ్యముగా తెలిసికొనవలయును. వర్షకాలమున మన గాలి తానే తడిసియుండును. ముప్పది డిగ్రీల వేడిలో చెమ్మతో నిండిన గాలి ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీటిని మోయుచుండును. నిండుకుండలో మఱికొంత నీరు పోయవశమా? అట్టి గాలికి ఆర్చుశక్తి మిక్కిలి తక్కువ. కళ్లములో ధాన్యము ఆఱక రైతు దిగులుపడుటకును, మిల్లులలో గాలిని వేడిచేసి ధాన్యముపై విడుచుటకును ఇదియే కారణము. కాని త్రోయుశక్తికి చెమ్మ యడ్డురాదు. కావున శ్రావణ భాద్రపదములలో బండి నెండకు పెట్టి యూరకున్నవాడు మోసపోవును. గాలితో నీటిని త్రోసివేసినవాడు గెలుచును.

తడి నిలిచిన నష్టములు మూడు. మొదటిది నేను మీకు చెప్పినది: బ్రేకు పట్టకపోవుట. రెండవది త్రుప్పు. ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును కలసినప్పుడే త్రుప్పు పట్టును. ఉప్పు తోడైనచో మఱింత వేగముగా పట్టును. సముద్రతీరమునకు చేరువనున్న గ్రామములలో బోరునీరు ఉప్పన. ఆ నీటితో కడిగి యార్చక విడిచిన గొలుసును, రేకు మడతలను చూచినచో నాకంటె మీకే బాగుగ తెలియును. మూడవది మరకలు. బొట్టు ఆఱునపుడు నీరు పోవును కాని అందు కరిగియున్న లవణములు పోవు. తెల్లని వలయముగా రంగుపై నిలుచును. వరదకాలపు కాలువనీటి యెఱ్ఱమట్టియు నట్లే నిలుచును. బొట్టు ఆఱకముందే దానిని త్రోసివేయుట దీనికి ప్రతిక్రియ.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 1946వ సంవత్సరమున అమెరికాలోని డెట్రాయిట్ నగరమున కార్లు కడుగు నొక శాలలో పైనుండి నీరు చల్లు గొట్టములును, బ్రష్షులును, చివర నార్చుటకు పెద్ద గాలియంత్రమును నుంచిరని మోటారువాహనముల చరిత్రకారులు చెప్పుదురు. నేడు మన పట్టణములలో పంక్చరులు వేయు చిన్న దుకాణమునందును గాలి కంప్రెసరు కలదు. సాధనము చేతిలోనే యున్నది. దాని నుపయోగించు క్రమము తెలియవలయును.

ఆ క్రమమును సంగ్రహముగా చెప్పెదను. బండిని ముందుగా మట్టి లేకుండ కడుగవలయును. ఇసుకయుండగా గాలి పట్టినచో నా యిసుకయే రంగును గీచివేయును. ఇంజను చల్లాఱి యుండవలయును. పైనుండి క్రిందికి రావలయును. క్రిందనుండి మొదలిడినచో పైనీరు మరల దిగును. గొట్టపుమూతిని జానెడు మొదలు మూరెడు వఱకు దూరమున నేటవాలుగా పట్టి, నీటిని ఒక ప్రక్కకు నడిపింపవలయును. అద్దముల సందులు, దీపములచుట్టు, తాళపుకన్నము, మీటల క్రిందిభాగము, సీటు క్రింద, తీగెలు కలియు చోట్లు, స్పార్కు ప్లగ్గు గుంట మొదలగు స్థలములను మఱువరాదు. ప్లగ్గును ఊడదీయవలసియున్నచో ముందుగా గాలి పట్టి గుంటలోని నీటిని, ఇసుకను పోగొట్టి పిదప ఊడదీయవలయును. లేనిచో నవి ఇంజనులోనికి దిగును. గొలుసునకు గాలి పట్టినపిమ్మట చమురు వేయుట తప్పనిసరి. తడి పోయిన యినుము దిగంబరముగా నుండును. చమురే దానికి వస్త్రము. ట్రాక్టరు రేడియేటరు ఱెక్కలు మిక్కిలి పలుచన. వానికి లోపలి ఫ్యానువైపునుండి బయటకు, దూరమునుండి మెల్లగా గాలి విడువవలయును.

గాలి పట్టకూడని తావులును కలవు. చక్రపు బేరింగుల మూతులపై దగ్గఱనుండి గాలి కొట్టరాదు. నీరును ఇసుకయు లోపలికి దూఱి కందెన చెడును. ఊడదీసిన బేరింగును గాలితో గిఱ్ఱున త్రిప్పుట పనివాండ్రకొక వినోదము. అది చిట్లి కంటిలో పడవచ్చును. విప్పిన బ్రేకు డ్రమ్ములోని పొడిని గాలితో నూదుట మఱియు హానికరము. కొన్ని బ్రేకు లైనింగులలో రాతినార, అనగా ఆస్బెస్టాసు కలదు. ఆ ధూళి యూపిరితిత్తులలో చేరి యేండ్లు గడచినపిమ్మట ప్రాణాంతకమగు రోగముల తెచ్చును. ఆ పొడిని తడిగుడ్డతో తీయవలసినదే. మఱి బ్రేకులోని తడి పోవుట యెట్లు? డ్రమ్ము విప్పకుండ అంచున గాలి పట్టి, ఆపై ఎవరును లేని చోట బండిని నెమ్మదిగా నడుపుచు బ్రేకును తేలికగా పలుమాఱులు నొక్కవలయును. ఆ యొరపిడి వేడికి మిగిలిన చెమ్మ పోవును. బ్రేకు పట్టినదని నిశ్చయించుకొన్న పిదపనే ఇల్లు కదలవలయును. నేనాడీ పని చేసియున్నచో మనుమని మోకాలికి గాయమయ్యెడిది కాదు.

ఇంకొక చిత్రము వినుడు. ఆర్చుటకు వచ్చిన గాలియే నీటిని తెచ్చును! కంప్రెసరులో గాలి నొక్కబడినపుడు వేడెక్కును. తొట్టిలో చల్లబడినపుడు అందలి చెమ్మ నీరై యడుగున చేరును. మన తడిదేశమున నీ నీరు విశేషముగా చేరును. ప్రతిదినము తొట్టి యడుగునున్న మరను విప్పి యా నీటిని విడువనిచో గొట్టమునుండి గాలితోపాటు నీరును చమురును బండిమీద పడును. అంతకంటె పెద్ద ముప్పు, తొట్టి లోపల త్రుప్పుపట్టి గోడ పలుచనై యొకనాడు ప్రేలుట. కావున మీ యూరి దుకాణమునకు పోయినపుడు "నాయనా, నేడు తొట్టినీరు తీసితివా?" యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నచేత మీ బండికిని, ఆ బాలుని ప్రాణమునకును మేలు చేసినవారగుదురు.

ప్రాణము మాట వచ్చినది గనుక ఇక నసలు విషయమునకు వచ్చెదను. అమరకోశమునందు వాయువునకు చెప్పిన నామములలో పవనుడనునది యొకటి, ప్రభంజనుడనునది మఱియొకటి. పవనుడనగా శుద్ధిచేయువాడు. ప్రభంజనుడనగా విఱుగగొట్టువాడు. మా గురువుగారు ఈ నామములను వల్లెవేయించిననాడు ఒక్కనికే ఇట్టి విరుద్ధములైన పేరులేల యని నాకు సందేహము కలుగలేదు. పనివాని గాలిగొట్టము చూచిననాడు కలిగెను, సమాధానమును తోచెను. విడిచిన తీరునుబట్టి యతడే పవనుడు, అతడే ప్రభంజనుడు.

మన మోటారుసైకిలు చక్రములో నుండు గాలి చదరపు అంగుళమునకు సుమారు ముప్పది పౌనులు. దుకాణపు తొట్టిలో నుండునది నూఱు, నూటయిరువది, అంతకు పైమాట. కర్మాగారములలో శుభ్రపఱచుటకు వాడు గాలి గొట్టపుమూతికడ ముప్పది పౌనులకు లోబడి యుండవలయునని అమెరికాదేశపు కార్మికరక్షణ నిబంధన కలదు. కన్నులకు అద్దములు పెట్టుకొనవలయునని కూడ నందున్నది. ఆ బలముగల గాలి చెవికి తగిలిన కర్ణభేరి పగులును. గాయమున్న చర్మమునుండి రక్తములో చొరబడిన గాలి ప్రాణము తీయవచ్చును.

ఇంతకంటె ఘోరమైనది యొకటి కలదు. చెప్పుటకు సంకోచముగానున్నను పెద్దలముందు దాచుట దోషము. పనిచోటులలో పిల్లవాండ్రు వేడుకకై యొకరి శరీరముపై నొకరు గాలిగొట్టము పెట్టుకొందురు. గుదస్థానముకడ పెట్టిన గాలి, బట్టలపైనుండి యైనను, క్షణములలో కడుపులోనికి దూఱి ప్రేగులను చీల్చును. ఇట్టి పరిహాసమువలన మన దేశమున పలు రాష్ట్రములలో యువకులు, బాలురు మరణించిన వార్తలు పత్రికలలో వచ్చినవి. చంపినవారు పగవారు కారు. ప్రక్కన కూర్చుండి అన్నము తినిన స్నేహితులు. గాలి యేమి చేయునని వారనుకొనిరి. మనము పుట్టినది మొదలు పీల్చుచున్న గాలియే గదా! అది శత్రువగునని యెవరు తలతురు? తెలియకపోవుటయే యా ప్రాణములను తీసినది.

అందుచేత మిమ్ము నేను ప్రార్థించునది యిది. మీ గ్రామమున బండ్లు కడుగుచోటను, పంక్చరు దుకాణముననుగల పిల్లలు మన పిల్లలే. పండుగకు బండి కడిగించుకొన పోయినపుడు ఒక్క నిముసము వారితో మాటాడుడు. గాలిగొట్టమును మనిషివైపు త్రిప్పరాదని, ఒంటి ధూళిని గాలితో దులుపుకొనరాదని, వేళాకోళమునకు ముట్టరాదని చెప్పుడు. యజమానికి కోపము వచ్చునేమోయని వెనుదీయకుడు. పెద్దల మాట కింకను మన పల్లెలలో విలువ కలదు. దానిని ఇట్టి చోట్లనే వెచ్చింపవలయును.

గాలియంత్రము అందుబాటులో లేనివారు చింతింపనక్కఱలేదు. బండిని ఇటునటు వంచి నీరు కార్చి, మెత్తని పొడిగుడ్డతో తుడిచి, నీడగాలిలో కొంతసేపు నిలిపి, బ్రేకులను నేను చెప్పినట్లు పరీక్షించిన చాలవఱకు పని నెఱవేఱును. ఒక్క మాట. పొలమున మందు చల్లుటకు వీపున తగిలించుకొను గాలియంత్రముతో బండి నార్చు ఉపాయశాలురు కొందఱున్నారు. దాని గొట్టమున పురుగుమందు అంటియుండును. పిల్లలు చేతులు వేయు బండిపై నా గాలి విడువకుడు.

మా పనివాడు ఇప్పుడు దుకాణపు గోడమీద నున్నము బలపముతో "గాలి బండికే, మనిషికి కాదు" అని వ్రాసియుంచినాడు. వ్రాయుమని చెప్పినది నేను. అక్షరదోషము లేకుండ వ్రాసినది యతడు. ప్రతి దసరాకును ఆ గోడమీది యక్షరములు వానకు కొంత చెఱగిపోవును. ప్రతి దసరాకును నేను పోయి, స్కూటరునకు గాలి పట్టించుకొని, ఆ యక్షరములను మరల దిద్దించి వచ్చుచున్నాను. మనుమడు నావెంట వచ్చుచునే యున్నాడు. బ్రేకు రెండుసారులు నొక్కి చూచినగాని వాడు బండి యెక్కుట లేదు.

మీ కందఱకును పండుగ శుభమగుగాక. సెలవు.